జీడిమామిడికి కొత్తల పండగ

అన్నకు,

ఫోన్లో చెట్ల మాట ఎత్తగానే పెట్టేస్తున్నావు, అందుకే రాస్తున్నాను. మన జీడితోట నరికి, నువ్వు పనిచేసే సారపాక కాగితం మిల్లుకు అమ్మేలా జామాయిల్ పెడతావట. కొత్త గొడ్డలి కూడా కొన్నావని వదిన చెప్పింది. సరే, ముందు పండక్కి రా.

మామిడికీ చిక్కుడుకూ కొత్తల పండగ చేసేదాకా మనం కాయ ముట్టం కదా. జీడిమామిడికి మాత్రం ఏ పండగా లేదు. మట్టి కొట్టుకుపోకుండా తాతల కాలంలో సర్కారోళ్లు నాటించిన చెట్టని, దానికి ఆ మర్యాద లేదు. అందుకే ఊరంతా పండకముందే కోసి, పచ్చి గింజలు అగ్గువకు అమ్ముకుంటోంది. ఈ ఏడు దానికీ కొత్తలు చేద్దామని అడిగాను.

"తాతలకు తెల్వని చెట్టుకు కొత్తలేంది బిడ్డా?" అన్నాడు పూజారి బొజ్జయ్య మామ.

"గుంత తవ్వి నాటింది తాతలే గదా మామా, తెల్వకుంటెట్ల?" అన్నాను.

"అవ్, నిజమే," అని నవ్వి, వచ్చే బుధవారం ఖాయం చేశాడు.

మొదటి పండు వేల్పుకు ఇంటి పెద్దకొడుకే పెట్టాలి. పండు పెట్టిన చెయ్యి ఆ చెట్టును నరకకూడదని మామ అందరి ముందూ చెప్పాడు. అలా చెప్పమన్నది నేనే, దాచను. నువ్వు రాకపోతే పండు నేనే పెడతాను. అప్పటి నుంచి తోటకు పెద్ద నేనే.

వస్తూ ఆ గొడ్డలి తీసుకురా. పండగ వంటకు ఎండుకట్టెలు కొట్టాలి.

నీ చెల్లెలు