స్క్రూడ్రైవర్ చెవికి ఆనిస్తే

శనివారం.

సీతమ్మధార డాక్టరుగారు అపురూపంగా దాచుకోవడానికి ఒక పాత జర్మన్ కారు కొంటారట. ఏది మంచిదో చూడమని రెండు కార్లు మా కార్ల రిపేరు షెడ్డుకి తెప్పించారు. ఆయన మనసు మెరిసే వెండిరంగుదాని మీదే ఉంది, నల్లదాన్ని చూడనే లేదు. నేను రెండు ఇంజన్లూ స్టార్ట్ చేసి, ఒక్కోదానికీ స్క్రూడ్రైవర్ మొన పెట్టి, పిడి చెవికి ఆనించాను. ఇదివరకు ఫిషింగ్ హార్బరులో బోటింజన్లు బాగుచేస్తూ నాకు నేనే నేర్చుకున్న పద్ధతి అది.

"ఏటిరా, బోటింజననుకున్నావేటి?" అని మా షెడ్డు మేస్త్రి నవ్వాడు. ఒళ్లు మండింది. స్క్రూడ్రైవర్ డాక్టరుగారి చేతికిచ్చాను.

"మీరే ఇనండి సార్. ఎండిదాని లోపల బేరింగు అరిగిపోయి ఏడుస్తంది. నల్లది కమ్మగా నిద్దరోతంది."

గుండెలు వినే మనిషి కదా, కళ్లు మూసుకుని రెండు ఇంజన్లనీ విన్నారు. నల్లదాని తాళం నా చేతిలో పెట్టి, "నడుపు, పోదాం" అన్నారు.

నేను బోటు తప్ప ఏదీ నడపలేదు. అయినా స్టీరింగ్ పట్టుకుని కూర్చుని, తాళం తిప్పాను. ముందు ఇంజను, హార్బరు దాటాక బోటు కింద నీళ్లలా మెల్లగా ఊగుతోంది...