సున్నం లేని తాంబూలం

అవ్వా,

నువ్వు బతికున్నా ఈ ఉత్తరం నేనే చదివి వినిపించాల్సి వచ్చేది. నీకు అక్షరమ్ముక్క రాదు కదా.

నీ గుండెకు వేసిన కవాటానికి సున్నం పట్టి గట్టిపడిందని కర్నూలు డాక్టరు చెప్పిన రోజు, ఇంటికి రాగానే నీ సున్నపు డబ్బీని దిబ్బ మీదికి విసిరేశావు. ఆ సున్నం వేరు, ఈ సున్నం వేరు అని నేనెంత మొత్తుకున్నా వినలేదు. "సున్నం యాడిదైనా సున్నమే కదే! నా నోటితో నేనే తెచ్చుకుంటి," అన్నావు. పోయేదాకా ఉత్త ఆకూ వక్కా నమిలావు. నీ నోరు మళ్ళీ ఎర్రబడలేదు.

తప్పు నీది కాదవ్వా. ఆ కవాటాన్ని పశువు గుండె మీది పొరతో చేస్తారు. పొర కుళ్ళకుండా వాడే మందు కొంత అందులోనే మిగిలి, ఒంట్లోని సున్నాన్ని పట్టుకుంటుంది. ఆ మిగిలిన మందును కడిగేసే పనే మా ల్యాబులో నాది. నెలల తరబడి ఎలుకల చర్మం కింద ఉంచిన పొర ముక్కల్ని మొన్న బయటికి తీశాం. కడగని ముక్క కత్తి కింద ఇసుకలా కరకరమంది. నేను కడిగింది తడిగుడ్డలా మెత్తగా తెగింది. మనుషుల దాకా రావడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది. వస్తుంది, చూస్తూండు.

ఈరోజు నీ తద్దినం. "మా అత్త వద్దనింది కదా" అంటూ అమ్మ ఇన్నేళ్ళూ నీ ఫోటో ముందు సున్నం లేని తాంబూలమే పెట్టింది. ఈసారి ఆకులు నేను అందుకున్నాను.

"ఏం చేస్తాండావే?" అని అరిచింది అమ్మ.

"దీని తప్పేం లేదు లేమ్మా," అన్నాను.

సున్నం నిండుగా రాశానవ్వా. నోరు పండించుకో.