మూడో మెట్టు ఎక్కేముందు

జులై 12, శనివారం మధ్యాహ్నం

ప్రియమైన టేపక్కకు,

నీ అద్దాల చెల్లెలు నమస్కరించి రాసేది. నేనూ అమ్మా కులాసా. దుకాణం కూడా కులాసాయే, ఈ మధ్య బోర్డుకి కొత్త రంగు వేయించాం. బావగారికి బదిలీ అయిన ఊరు మీకు నచ్చిందని, నీ మెడలో కుట్టుపని టేపు అప్పుడే ఆ వీధి వీధినంతా కొలిచేసి ఉంటుందని అనుకుంటున్నాను.

ఫోను చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడితే చూస్తావు, జవాబివ్వవు. అందుకే కాగితం పట్టుకున్నాను. ఇదీ చదవకుండా పక్కన పడేస్తావేమోనని భయం, కాబట్టి అసలు సంగతి ముందే రాసేస్తున్నాను. ప్రూఫు మాస్టారి డబ్బా దొరికింది.

అవును, ఆ డబ్బానే. ఇరవై రెండు నెలలుగా ఎవరికీ చిక్కనిది. నువ్వు నాలుగుసార్లు, నేను ఆరుసార్లు, మన గుంపులో పైపులాయన లెక్కలేనన్నిసార్లు పంపుహౌసు చుట్టూ మోకాళ్ళమీద పాకి వెతికింది. ఎక్కడ, ఎలా అని ఈపాటికి నీ కనుబొమలు పైకి లేచి ఉంటాయి. నీ సంగతి నాకు తెలియదా! కోపం ఎంతున్నా, వెతికే బుద్ధి దాన్ని తోసుకుని ముందుకొస్తుంది. వరసగా చెబుతాను, విను.

పోయిన నెలాఖరున దుకాణానికి ఒక నర్సమ్మ వచ్చింది. మేం ఇచ్చిన కొత్త కళ్ళద్దాలు రెండు వారాలుగా పెట్టుకుంటోంది. మెట్లు దిగుతుంటే నేల పక్కకి ఒరిగినట్టు ఉంటోందట. "అద్దాలు బాగానే ఉన్నట్టున్నాయమ్మా, నా తలే బాగాలేదేమో. ఓసారి చూస్తావా?" అని మొహమాటపడుతూ అడిగింది. అద్దాన్ని మిషన్ కింద పెట్టి చూస్తే, వంకర సరిచేసే పవరు ఉండాల్సిన కోణంలో లేదు. డాక్టరు చీటీలో ముప్పై ఐదు. ఆర్డరు ఫారంలో యాభై మూడు పడింది. అంకెలు రెండూ అవే, చోట్లు మారాయి. పాపం ఆవిడ రెండు వారాలపాటు తన తలనే అనుమానించుకుంది.

ఆవిడకి క్షమాపణ చెప్పి, అద్దాలు మార్చి పంపించాను. కానీ ఆ రోజంతా నా మనసు పంపుహౌసు దగ్గరే తిరిగింది. మాస్టారి డబ్బా ఉన్న చోటి అంకెలు కూడా ఇలాగే ఎక్కడైనా తారుమారయ్యాయేమో! మనం వెబ్‌సైటు చూపించిన చోట గడ్డిపరక గడ్డిపరకా దువ్వాం. అసలు ఆ చోటే తప్పయితే?

ఇంటికెళ్ళి మ్యాపు ముందు పెట్టుకుని కూర్చున్నాను. అంకెల్ని రెండేసి చొప్పున మార్చి చూశాను. ఒకలా మారిస్తే చెరువు మధ్యలో పడింది. ఇంకోలా మారిస్తే ఎవరిదో స్నానాలగదిలో. పైపులాయనైతే అక్కడికీ వెళ్ళేవాడు, పంపు బాగుచెయ్యడానికొచ్చానని చెప్పి! మూడోసారి, ఉత్తరం వైపు అంకెలో చివరి రెండూ, ముప్పై ఏడుని డెబ్బై మూడు చేశాను. గుర్తు అరవై ఏడు మీటర్లు జరిగి, రోడ్డు దాటి, లైబ్రరీ వెనక పెరట్లో ఆగింది.

లైబ్రరీ, అక్కా! నలభై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి డబ్బా ఇంకెక్కడ దాస్తాడు చెప్పు. పైగా ఆయన ఇచ్చిన ఆధారం గుర్తుందా, "మూడో మెట్టు ఎక్కేముందు వంగండి" అని? పంపుహౌసుకీ ఇనపమెట్లు ఉండబట్టి మనం ఆ మెట్లనే పట్టుకుని వేలాడాం. లైబ్రరీ వెనక వాకిలికి రాతిమెట్లు ఐదున్నాయి.

పోయిన ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. మొదటి మెట్టు, రెండో మెట్టు, వంగాను. వంగీ వంగకముందే వెనకనుంచి ఎవరో దగ్గారు. లైబ్రరీ వాచ్‌మన్.

"ఏం పారేసుకున్నావమ్మా?" అన్నాడు.

"ఏమీ పారేసుకోలేదు బాబాయ్, ఒకాయన దాచిపెట్టింది వెతుకుతున్నా" అన్నాను.

ఆ మాటతో ఆయన అనుమానం ఇంకా ముదిరింది. ఇక లాభం లేదని పక్కన కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఇది జియోకాషింగ్ అనే ఆట అని, ఒకరు చిన్న డబ్బా దాచి ఆ చోటి అంకెలు వెబ్‌సైటులో పెడతారని, మిగతావాళ్ళు ఫోనులో జీపీఎస్ చూసుకుంటూ వెళ్ళి వెతుకుతారని, దొరికితే లోపలి పుస్తకంలో సంతకం చేసి మళ్ళీ అక్కడే పెట్టేస్తారని.

"దొరికితే ఏమిస్తారు?"

"ఏమీ ఇవ్వరు."

"దొరక్కపోతే?"

"మళ్ళీ వెళ్తాం."

ఆయన "మీ ఇంట్లోవాళ్ళకి తెలుసా?" అని జాలిగా అడిగాడు. తరవాత తనే లాఠీ పక్కన పెట్టి, నాతోపాటు వంగి చూడటం మొదలుపెట్టాడు. వెతుకుడు పిచ్చి అంటువ్యాధి అని నువ్వు ఊరికే అనేదానివి కాదు.

మూడో మెట్టు రాయి కింద, ముందువైపు, చెయ్యి పట్టేంత సందు ఉంది. బయటికి అడ్డంగా ఒక పెంకుముక్క. దాన్ని తీసి చెయ్యి పెడితే రేకు చల్లగా తగిలింది. గుండ్రటి మూత డబ్బా, చుట్టూ రెండు రబ్బరుబ్యాండ్లు. లోపల ప్రూఫు కాగితాల అంచులు కత్తిరించి మాస్టారు స్వయంగా కుట్టిన చిన్న పుస్తకం. మొదటి పేజీలో ఆయన ముత్యాల్లాంటి అక్షరాలు, "మొట్టమొదట కనుగొన్నవారికి నా బహుమతి" అని. బహుమతి ఏమిటో తెలుసా? చిటికెన వేలంత మిగిలిన ఎర్రపెన్సిలు. మన మీటింగు నోటీసులో ఒత్తులు దిద్దడానికి వాడేవారే, అలాంటిది.

పుస్తకమంతా ఖాళీ. తిప్పుతూ పోతే చివరి పేజీలో మాత్రం రాత ఉంది. ఆయన నెలనెలా వచ్చి చూసుకున్న తేదీలు. ఒక్కో తేదీ పక్కన ఒక్కో ముక్క. "ఉంది." "ఉంది. తడి లేదు." "ఉంది. చీమలు పట్టాయి, దులిపాను." పోయిన ఏడాది మే నెల తేదీ దగ్గర, "ఉంది. చెప్పాను. నమ్మలేదు." దాని తరవాత కూడా ఒక్క నెల తప్పలేదు. "ఉంది", "ఉంది" అంటూ కిందిదాకా.

మెట్టుమీద కూర్చుని ఆ పేజీ మళ్ళీ మొదటినుంచి చదివాను. ఆ మే నెల మీటింగు కళ్ళముందుకొచ్చింది. "డబ్బా ఉంది, నిన్ననే చూసొచ్చాను" అని ఆయన అంటే, "అయితే పదండి, అందరికీ చూపించండి" అని నువ్వు లేచావు. "చూపిస్తే ఇక వెతకడం దేనికమ్మా?" అన్నారాయన. దాచినవాళ్ళ ముందు చోటు పేరెత్తకూడదన్నది మన నియమం కాబట్టి, మనం పాకేది పంపుహౌసు దగ్గరని ఆయనకి తెలియదు. అప్పుడు నువ్వు ఆ మాట అనేశావు. లేని డబ్బా కోసం అందర్నీ పాకించి తమాషా చూస్తున్నాడని, అబద్ధాలకోరని. ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. ఇంకెప్పుడూ రాలేదు.

ఇద్దరిలో ఎవరి పక్కా మాట్లాడలేదని నన్ను గోడమీద పిల్లి అన్నావు. నాకు ఇద్దరూ కావలసినవాళ్ళే అక్కా. ఒకరివైపు మాట్లాడితే రెండోవాళ్ళు నొచ్చుకుంటారని నోరు కుట్టుకున్నాను.

సోమవారం మాస్టారింటికి వెళ్ళాను. కూతురింట్లో మేడమీద గది ఆయనది. నేను నోరు విప్పకముందే నా మొహం చూసి, "ఏ మెట్టు?" అన్నారు. "మూడోది" అన్నాను. అంతే, మంచం పట్టె మీద కూర్చుని చాలాసేపు నవ్వారు. నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత తన నోటుబుక్కు తీశారు. నా ఫోనులో వెబ్‌సైటు పేజీ తెరిచి పక్కపక్కన పెట్టుకుని ఒక్కో అంకె మీద వేలుపెట్టి పైకి చదివారు. చివరి రెండంకెల దగ్గర వేలు ఆగింది. "అచ్చుతప్పు" అన్నారు.

ఇక మన గుంపు సంగతి. వారమంతా ఒకటే వాదన! పైపులాయన నాది దొరికినట్టు లెక్క కాదంటాడు. వెబ్‌సైటు చెప్పిన చోట వెతికితేనే ఆటట, నేను చేసింది లెక్కల పరీక్షట. అప్పుడు దీపస్తంభం మీది డబ్బాని కిందనుంచి చూసి, ఎక్కకుండానే "దొరికింది" అని రాసుకున్న మనిషి ఈయన! చూస్తే చాలని ఆయన, సంతకం లేకపోతే చెల్లదని నువ్వు, మూడు మీటింగులు దానికే సరిపోయాయి కదా. ఇప్పుడు నియమాలు గుర్తొచ్చాయి. ఈ సంగతి మాస్టారికి చెబితే, "అచ్చుతప్పులున్నా పుస్తకం పుస్తకమే అని చెప్పు ఆయనకి" అన్నారు. పైపులాయన దానికి జవాబు వెతుక్కుంటున్నాడు, ఇంకా దొరకలేదు.

నేను సంతకం పెట్టలేదు. పెన్సిలూ తీసుకోలేదు. డబ్బాని ఉన్నచోటే ఉంచి వచ్చాను. వాచ్‌మన్ బాబాయి మాత్రం రోజూ దానికి కాపలా కాస్తున్నాడట.

వచ్చే నెల మొదటి ఆదివారం మీటింగుకి మాస్టారు వస్తానన్నారు. నువ్వూ రావాలి. బస్సెక్కితే నాలుగు గంటల దారి. ముందురోజే వచ్చి మా ఇంట్లో దిగు, అమ్మ నీ గురించి అడగని రోజు లేదు. నువ్వూ ఆయనా ఎదురుపడితే ఎవరు ముందు మాట్లాడతారో నాకు తెలియదు. నీకు కోపం ఎంత త్వరగా వస్తుందో, మనసు అంత త్వరగా కరుగుతుందని మాత్రం తెలుసు.

బావగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ జవాబు కోసం వీధి గుమ్మం వైపు చూస్తూ,
నీ అద్దాల చెల్లెలు

తా.క. కవరు అంటించబోయి ఆగాను. ఉత్తరం మళ్ళీ చదువుకుంటే సిగ్గేసింది. ఫారంలో అంకె "పడింది" అని రాశాను, చోట్లు "మారాయి" అని రాశాను. వాటంతటవే ఏవీ పడలేదు, మారలేదు. నర్సమ్మ ఫారం రాసింది నేను. మాస్టారి అంకెలు వెబ్‌సైటులో ఎక్కించిందీ నేనే.

ఆయనకి కంప్యూటరు తెలియదని నీకూ తెలుసు. మరి ఆ పేజీ ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు. ఇరవై రెండు నెలల కిందట దుకాణంలో కౌంటరు అవతల నిలబడి ఆయన నోటుబుక్కు చూసి చదివారు, ఇవతల నేను టైపు చేశాను. ఇద్దరు ఖాతాదారులు వేచి ఉన్నారు. మళ్ళీ సరిచూడలేదు.

నువ్వు ఆయన్ని ఆ మాట అన్న క్షణంలోనే నాకు ఇది తట్టింది అక్కా. నేనే తప్పు కొట్టానేమో అని. మీ ఇద్దరూ నొచ్చుకుంటారని నోరు కుట్టుకున్నానన్నది అబద్ధం. భయపడ్డాను. మ్యాపు తెరిచి చూసుకుంటే పది నిమిషాల పని. పధ్నాలుగు నెలలు చూడలేదు, చూస్తే తెలిసిపోతుందని. నర్సమ్మ తన తలనే తప్పుపట్టుకోవడం చూశాక ఇక చూడక తప్పలేదు.

సోమవారం ఆ అంకెల దగ్గర వేలు ఆపినప్పుడు మాస్టారు నావైపు చూడలేదు. అలా చూడకపోవడాన్నే నాలుగు రోజులకి మించి తట్టుకోలేకపోయాను. నిన్న సాయంత్రం వెళ్ళి చెప్పేశాను. అంతా విని, "తప్పు కొట్టినవాళ్ళది ఒక తప్పు. అచ్చయ్యాక చదివి చూసుకోనివాడిది రెండోది. ప్రూఫు చూడాల్సినవాణ్ణి నేను కదమ్మా" అన్నారు. తరవాత, "కానీ ఆ రోజు నువ్వొక్కదానివైనా నన్ను నమ్ముతావనుకున్నాను" అన్నారు. వచ్చేస్తుంటే మెట్లు దిగి గుమ్మందాకా వచ్చి సాగనంపారు.

మీటింగులో అందరికీ నేనే చెబుతాను. నీకు మాత్రం ముందే తెలియాలి. ఆయనకి క్షమాపణ చెప్పమని నిన్ను అడిగే హక్కు నాకు లేదు. నా మీద నీ కోపం న్యాయమే, కాకపోతే కారణం వేరు. అసలు కారణం ఇదీ.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగుదాకా దుకాణంలో ఎవరూ ఉండరు. తిట్టడానికైనా సరే, ఫోను చెయ్యి.