ఎంటర్ మీట కింద బల్లి

సరోజక్కకు,

నీ తమ్ముడు రాములు దండాలు. మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావకు నా మీద కోపం పోయిందా? ఆయన చెప్పుల్లో సబ్బునురగ పోసిన సంగతి ఇక మరిచిపొమ్మను. నేను బాగానే ఉన్నాను. బోరబండలో కిరాయి గది, మెస్సులో కారం లేని కూర, పొద్దున రైల్లో తోపులాట, రోజూ వాన. అన్నీ బాగానే ఉన్నాయి గాని, ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

కొండాపూర్ ఆఫీసులో బిల్లులు కంప్యూటర్‌లో ఎక్కించడం నా పని. నీ టైపు ఇన్‌స్టిట్యూట్ మిషన్ల మీద పెరిగిన వేళ్లు కదా, మెత్తగా కొట్టడం రాదు. చప్పుడు వినకపోతే అక్షరం పడిందన్న నమ్మకం ఉండదు. పక్క కుర్చీలో లావణ్య అని భీమవరం పిల్ల. రోజంతా ఫోన్లో కస్టమర్లతో మాట్లాడుతుంది.

"రాములుగారూ, టైపు చేస్తున్నారా, పచ్చడి నూరుతున్నారా అండీ?" అంది.

"నూరుతున్న బిడ్డా. జర రుచి చూస్తవా?"

నవ్వలేదు. మేనేజర్‌కు చెప్పింది.

"సోమవారం నేనే వచ్చి చూస్త. చప్పుడు గిట్లనే ఉంటే బాలానగర్ గోదాముకు పంపుత" అన్నాడాయన.

ఆ గోదాములో మూటలే తప్ప మనుషులుండరట. ఎవరిని ఏడిపించి బతకాలక్కా నేను?

కొత్త కీబోర్డు కొనడానికి పోయాను. నాకూ లావణ్యకూ ఒకటే బల్ల, అందుకని పక్కన అంకెల మీటలు లేని చిన్నది చూశాను. అంకెలు పై వరుసలో కొట్టడం నువ్వు నేర్పిందే. తంటా అంతా మీటల కింద ఉండే స్విచ్‌లతోనే. నీలం రంగుది టక్కుమంటుంది. గోధుమరంగుది వేలికి కొద్దిగా తగులుతుంది. ఎర్రది చడీచప్పుడు లేకుండా దిగిపోతుంది. నీలం కొట్టి చూస్తే నీ ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చున్నట్టే అనిపించింది, వేళ్లు తీయబుద్ధి కాలేదు.

"కాకా, కొంటవా, ఈడనే నౌకరీ చేస్తవా?" అన్నాడు దుకాణపాయన.

బాలానగర్ గుర్తొచ్చి ఎర్రదే కొన్నాను. స్విచ్‌లు పీకి మార్చుకోవచ్చన్నాడు. ఒక్క నీలం స్విచ్ విడిగా అడిగి తెచ్చి, ఎంటర్ మీట కింద పెట్టాను. మన మిషన్‌కు లైను చివర గంట మోగేది చూడు, అట్లా.

ఆఫీసులో నేను ఎంటర్ కొట్టినప్పుడల్లా లావణ్య బల్ల కింద వెతికింది, బ్యాగు దులిపింది.

"ఏదో టక్కుమంటోందండీ!"

"బల్లి. నిజం చెప్తే పలుకుతది. నువ్వు కస్టమర్లతోని మాట్లాడేటప్పుడు పలుకుతలేదు, చూస్తున్నవా?"

సోమవారం మేనేజర్ వచ్చి నా వెనక నిలబడ్డాడు. పిల్లి నడిచినట్టు కొట్టుకుంటూ పోయాను. లైను చివరకొచ్చింది. వేలు దిగదు.

"ఏమైంది, ఆగినవ్?"

కొట్టాను. టక్!

లావణ్య గిరుక్కున తిరిగింది. చూపు నేరుగా నా వేలి మీద పడింది. నా మూటాముల్లె బాలానగర్ పోయిందనే అనుకున్నాను.

"బల్లి సార్" అంది. "మాకు అలవాటైపోయిందండీ."

ఆయన కప్పువైపు చూసుకుంటూ వెళ్లిపోయాడు. లావణ్య నా వైపు వంగి, చూపుడువేలితో ఆ మీటను తనే ఒకసారి టక్కుమనిపించి, మళ్లీ ఫోనెత్తింది.

అక్కా, చింతకాయ తొక్కు రెండు సీసాలు పంపు. ఒకటి నాకు. రెండోది ఇక్కడ పచ్చడి సంగతి అడిగిన పిల్లకు. బావకు, పెద్దలందరికీ నా దండాలు. నీ దీవెన నా వేళ్ల మీద ఉండనీ.

నీ తుంటరి తమ్ముడు,
రాములు