తలకట్టు లేని అక్షరాలు

నవంబర్ 11

ఈ నెల మా కేజీ క్లాసు థీమ్ బట్టలు. గోడకు తాడు కట్టి, క్లిప్పులు పెట్టి, అక్షరాలు ఆరేశాను. చ పక్కన చొక్కా, గ పక్కన గౌను, మ పక్కన మేజోళ్లు. లామినేషన్ చేయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. పక్క క్లాసు టీచర్ వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. అంటే బాగున్నట్టే.

కొత్త పిల్ల చేరింది. నీలం ఊలు టోపీ. వాళ్లమ్మ నన్ను పక్కకు పిలిచి, పాప టోపీ తియ్యదు, మీరు కొంచెం చూసుకోండి అంది. సరేనన్నాను. అప్పుడు నా చేతుల నిండా చార్టులు, నోట్లో క్లిప్పు. ఎందుకని అడగలేదు.

నవంబర్ 13

అక్షరాలు కూడా బట్టలు వేసుకుంటాయని చెప్పాను. క నెత్తిన ఉండే చిన్న టిక్కు దాని తలపాగా, అందుకే తలకట్టు అంటారు. గకి ఉంది, చకి ఉంది. బ, ట, ల మాత్రం బోడి తలలతో తిరుగుతాయి. తీరా చూస్తే బట్టలు అన్న మాటలో ఉన్నవి ఆ మూడే! పిల్లలకు ఆ జోకు ఎక్కలేదు. నేనే తెగ నవ్వుకున్నాను.

కొత్త పిల్ల మొదటిసారి నోరు విప్పింది.

"బకి చలి వెయ్యదా టీచర్?"

బ మొండిది, దానికేం కాదు అన్నాను. అందరూ నవ్వారు. ఈ పిల్ల కుర్చీ అంచున పిచ్చుకలా కూర్చుంటుంది. పిచ్చుక అనే పిలుస్తున్నాను.

నవంబర్ 18

రేపు సూపర్‌వైజర్ వస్తోంది. ఏడాదికోసారి వచ్చే గండం. పిల్లలనే అక్షరాలుగా నిలబెడతాను. మెడలో అట్టలు, తలకు రుమాళ్లు. రుమాలు తీసి కాగితం గుడి పెడితే క కాస్తా కి అయిపోతుంది. పిచ్చుకకు రుమాలు వెతకక్కర్లేదు, టోపీ ఉండనే ఉంది. నా ఐడియాకు నేనే మురిసిపోతున్నాను.

నవంబర్ 19

రాయబుద్ధి కావడం లేదు.

నవంబర్ 20

రాస్తే గానీ మనసు ఊరుకునేలా లేదు.

నిన్న పిచ్చుక క అయింది. గుడి పెట్టడానికి టోపీ తియ్యబోయాను. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని తల అడ్డంగా ఊపింది. వెనక సూపర్‌వైజర్ పెన్ను పట్టుకుని కూర్చుని ఉంది. పిల్ల మొండికేస్తోందనుకున్నాను. మొహం మీద నవ్వు చెదరనివ్వకుండా లాగేశాను.

పేనుకొరుకుడు. తల మీద అక్కడక్కడా నున్నగా, ఒక్క వెంట్రుక లేకుండా. మిగిలిన జుట్టును వాటి మీదికి దువ్వి, నూనె రాసి, పిన్నులు పెట్టి ఉంది. పొద్దున్నే వాళ్లమ్మ ఎన్ని తంటాలు పడిందో.

వెనక నుంచి ఒకడు బోడి తల అన్నాడు. వాడికి ఆ మాట నేర్పింది నేనే.

పిల్ల ఏడవలేదు. నా చేతిలోంచి గుడి తీసుకుని తనే నెత్తిన పెట్టుకుంది. కి అంది, వినీ వినపడనట్టు. సూపర్‌వైజర్ చప్పట్లు కొట్టింది.

ఇవాళ రాలేదు.

నవంబర్ 21

రాలేదు.

నవంబర్ 22

ఇవాళా లేదు. రిపోర్టు మాత్రం వచ్చింది. నా పాఠం ఎక్సలెంట్ అట. ప్రిన్సిపల్ అందరి ముందూ చదివింది. నాకు తల కొట్టేసినట్టయింది.

నవంబర్ 25

స్కూలు వదలగానే వాళ్లింటికి వెళ్లాను. ఎలాగైనా పిల్లను మళ్లీ క్లాసుకు తెచ్చుకోవాలని. వాళ్లమ్మ తలుపు సగమే తీసింది. అరవలేదు. అరిచినా బాగుండేది. పాప మంచం కింద దూరిందని, ఇప్పుడు బయటికి రాదని మెల్లగా చెప్పింది. తప్పయిపోయింది, క్షమించండి అన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

"చేరిన రోజునే చెప్పాను కదండీ."

సంచిలో చెయ్యి పెడితే వర్క్‌షీట్ తగిలింది, అదే ఇచ్చి వచ్చేశాను. చుక్కలు కలిపి రాసేది. బట్టలు అన్న మాట. మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది, అది ఏ మాటో.

డిసెంబర్ 2

వేరే స్కూల్లో చేర్చారట. వాళ్ల నాన్న వచ్చి పేరు తీయించుకెళ్లాడు. నేను పై అంతస్తులోనే ఉన్నాను. టీచర్‌ను పిలవక్కర్లేదన్నాడట.

వర్క్‌షీట్ ఆయా చేతికి ఇచ్చి వెళ్లాడు. పిల్ల చుక్కలన్నీ కలిపింది. తర్వాత నీలం క్రేయాన్‌తో బకి తలకట్టు పెట్టింది. ట్టకి పెట్టింది, కింద ఉన్న ఒత్తుకు కూడా విడిగా ఒక చిన్నది పెట్టింది. లుకి కొమ్ము ఉన్నా సరే, పైన ఇంకోటి. ఎవరినీ వదల్లేదు.

తప్పులు దిద్ది ఫైల్లో పెట్టమంది ప్రిన్సిపల్. ఎర్ర పెన్ను మూత తీశాను, మళ్లీ పెట్టేశాను.

డిసెంబర్ 3

తాడు మీది బకి రుమాలు కట్టాను. తప్పు టీచర్, బకి తలకట్టు ఉండదు అన్నారు పిల్లలు.

దానికి చలి వేస్తోంది అన్నాను.