కొట్టు చూద్దామంటే గేదెలు

తిరువూరు

వినగడప వీరరాఘవయ్యగారికి, తిరువూరు మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు పరమేశ్వరి నమస్కరించి రాయునది.

మీరు నన్ను ఎరగరు. నేనూ మిమ్మల్ని ఎరగను. కానీ మొన్నటి నుంచీ మీ గేదెలు నా ఫోనులో ఉన్నాయి.

మా వారు పోయాక కొట్టు నేనూ మా మరిది నాగేంద్రా చూసుకుంటున్నాం. నాకు ఈమధ్య మోకాలి ఆపరేషను అయింది. ఇంట్లో కూర్చునే కొట్టు చూసుకోవచ్చని చరణ్ అనే ఆయన చేత కెమెరా పెట్టించాను. కొట్లో ఉన్న ఇంటర్నెట్ పెట్టె, అదే రౌటరు, దాంట్లో పోర్టు అని ఒక దారి తెరవాలట. తెరిస్తేనే కొట్టు ఫోనులోకి వస్తుందట. తెరిచాడు. వచ్చింది. మొన్న కరెంటు పోయి వచ్చాక అదే దారిలో మీ గేదెలు వచ్చాయి.

పాక పక్కన ట్రాక్టరు తొట్టి మీద మీ పేరూ ఊరూ రాసి ఉంటే అడ్రసు తెలిసింది. ఫోను నంబరు తెలియదు. గంపలగూడెం ఆటో నడిపే జోజప్ప చేత ఈ కవరు పంపుతున్నాను. దయచేసి మీ గేదెల్ని నా ఫోనులోంచి తీయించండి.

ఇట్లు,
పరమేశ్వరి

తా.క. కుడివైపు గేదె కాలికి పలుపు చుట్టుకుంది. కాస్త చూడండి.

*

వినగడప

పరమేశ్వరిగారికి వీరరాఘవయ్య నమస్కారాలు.

మీరు ఉత్తరం రాయడమే మంచిదయింది. నాకు చెవులు దాదాపుగా వినపడవు. ఫోనులో మాట్లాడితే అవతలివాళ్ల గొంతు పోవడం తప్ప లాభం లేదు.

నా గేదెలు పాకలోనే ఉన్నాయి. వెళ్లి చూసి వచ్చాకే రాస్తున్నాను. మోటారు వైర్లు ఎవరో కోసుకుపోతే నేనూ ఆ చరణ్ చేతే కెమెరా పెట్టించుకున్నాను. పోర్టు మూయడం నాకు చేతకాదు. అందుకని రౌటరు మీద గోనెపట్టా కప్పాను. ఇంకా కనిపిస్తున్నాయో లేదో రాయండి. రెండు రోజులుగా పాలు తగ్గాయి. ఎవరి కళ్లు పడ్డాయా అనుకుంటున్నాం. మిమ్మల్ని అనడం లేదు.

నా ఫోనులోనూ మొన్నటి నుంచి గేదెలు లేవు. ఒక కౌంటరు, గల్లాపెట్టె, కుర్చీ కనిపిస్తున్నాయి. కంపెనీవాళ్లు ఊరికే ఇచ్చారేమో అనుకున్నాను. మీ ఉత్తరం చూశాక అర్థమయింది. నావి మీకు వస్తే మీది నాకు వచ్చింది. న్యాయమే.

ఒక సంగతి రాయాలో వద్దో తెలియడం లేదు. కుర్చీలో తెల్ల చొక్కా వేసుకుని, కళ్లజోడు పెట్టుకున్నాయన మీ మరిదిగారే అనుకుంటాను. మధ్యాహ్నం ఒంటరిగా కూర్చుని ఏడుస్తున్నారు. నిన్నా ఇవాళా చూశాను. తువ్వాలుతో తుడుచుకుంటారు, మళ్లీ ఏడుస్తారు.

ఇట్లు,
వీరరాఘవయ్య

తా.క. పలుపు విప్పాను. మీరు చెప్పారని గేదెకి తెలియదు గానీ, దాని తరఫున కృతజ్ఞతలు.

*

తిరువూరు

వీరరాఘవయ్యగారికి,

ముందు ఆ గోనెపట్టా తీసేయండి. రౌటరు వేడెక్కి కాలిపోతుంది. గేదెలు ఎప్పట్లాగే కనిపిస్తున్నాయి.

మా నాగేంద్ర ఏడ్చే మనిషి కాడు. వాళ్ల అన్నయ్య పోయిన రోజున కూడా అందరికీ మంచినీళ్లు అందిస్తూ తిరిగాడు. పరాయివాళ్ల కొట్లోకి తొంగి చూసి ఇలాంటివి రాయడం పెద్దవారికి మర్యాద కాదు. ఇక మీరు ఆ ఫోను చూడవద్దు.

చరణ్‌కి ఫోను చేస్తే ఎ.కొండూరులో పని మీద ఉన్నాడట, తీరిక చూసుకుని వస్తానన్నాడు. ఈలోపు రేపు మధ్యాహ్నం మాత్రం ఒక్కసారి చూసి, నిజంగా ఏడుస్తున్నాడేమో రాయండి. ఆ తరువాత చూడవద్దు.

ఇట్లు,
పరమేశ్వరి

తా.క. తలపాగా పెద్దాయన ఒకరు పొద్దున్నే పళ్లెంతో పాకలోకి వచ్చి, ఉప్మా అంతా గేదెకి పెట్టి, మూతి తుడుచుకుంటూ ఇంట్లోకి వెళ్తున్నారు. మీరేనా?

*

వినగడప

అమ్మా పరమేశ్వరీ,

కోపం వద్దు. నువ్వు చూడమన్నావు కాబట్టే చూశాను. ఏడ్చారు. అంతకంటే ఆశ్చర్యం, మధ్యలో ఎవరో వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఏదో మాట్లాడుకున్నారు. కాసేపటికి వచ్చినాయన కూడా కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టారు. అంత కష్టం ఏమిటో మరి.

చెవులు పోయాక నాకు మనుషుల మొహాలు చూడడమే మిగిలింది తల్లీ. ఇంట్లో నలుగురూ మాట్లాడుకుంటుంటే నేను మొహాలు చూస్తూ కూర్చుంటాను. ఎవరు నవ్వితే వాళ్లతో నవ్వుతాను. ఎవరికైనా బాగోలేదనిపిస్తే అడగాలని ఉంటుంది. కానీ అడిగితే చెప్పేది వినపడదు కదా అని ఊరుకుంటాను. నీకు ఆ ఇబ్బంది లేదు. అడుగు. ఫోనులో కాదు, ఎదురుగా కూర్చోబెట్టుకుని అడుగు.

ఇట్లు,
వీరరాఘవయ్య

తా.క. ఉప్మా సంగతి నువ్వు రాయకుండా ఉండాల్సింది. నీ కవరు నాకంటే ముందు మా ఆవిడ నాగేశ్వరమ్మ విప్పింది.

*

తిరువూరు

బాబాయిగారికి పరమేశ్వరి నమస్కారాలు.

అడిగాను.

నిన్న కొట్టు కట్టేసి తాళాలు ఇవ్వడానికి నాగేంద్ర ఇంటికి వచ్చాడు. ఆపరేషను అయిన దగ్గర్నుంచీ తాళాలు బల్ల మీద పెట్టి నిలబడే వెళ్లిపోతున్నాడు. నాకు నొప్పి కదా, ఇబ్బంది పెట్టకూడదని అనుకుంటున్నాడేమో అనుకున్నాను. నిన్న కూర్చోమన్నాను.

"కొట్లో ఏడుస్తున్నావట, ఎందుకు?" అన్నాను.

"నేనెందుకు ఏడుస్తాను వదినా?" అన్నాడు.

"అబద్ధం చెప్పకు. కెమెరాలో కనిపించింది."

ఆ మాటకి తాళాలు బల్ల మీద పెట్టి అన్నాడు, "నేను ఏడవలేదు. కానీ ఆ కెమెరా సంగతి ఎత్తావు కాబట్టి చెప్తున్నా. అన్నయ్య ఉన్నప్పుడూ పోయాకా కూడా గల్లాపెట్టెకి మన మధ్య తాళం లేదు. నువ్వు కొట్టుకి రాలేని రోజు వచ్చింది. రాగానే సరిగ్గా నా నెత్తి మీద కెమెరా పెట్టించావు. ఊళ్లోవాళ్లు అడుగుతున్నారు, మీ వదినకి నీ మీద అనుమానమా అని."

బాబాయిగారూ, నేను చూడాలనుకున్నది అతన్ని కాదు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ ఆ కొట్లో కూర్చున్నదాన్ని. గిన్నెల చప్పుడు లేకుండా ఇంట్లో మధ్యాహ్నాలు గడవడం లేదు. వచ్చేపోయే జనాన్ని చూసుకుందామనుకున్నాను. అదే చెప్పాను.

"జనం గుమ్మంలోంచి కదా వస్తారు. గల్లా మీదెందుకు?" అన్నాడు.

"ఎక్కడ పెట్టమంటారని చరణ్ అడిగితే, అందరూ ఎక్కడ పెట్టించుకుంటారో అక్కడే పెట్టమన్నాను. అంతకు మించి ఆలోచించలేదురా."

కాఫీ ఇస్తే తాగాడు. రెండో గ్లాసు అడిగి తాగాడు. కెమెరాని వీధి గుమ్మం వైపు తిప్పించమన్నాను. తనే తిప్పిస్తానన్నాడు.

అయినా ఏడవలేదనే అంటున్నాడు. మగవాళ్లు ఒప్పుకోరు. నేను రెట్టించలేదు. మీరు రాయకపోతే నేను అడిగేదాన్ని కాదు. అతను చెప్పేవాడూ కాదు.

ఇట్లు,
మీ పరమేశ్వరి

తా.క. పాలు తగ్గింది నా కళ్లు పడి కాదు. మీ దూడ పలుపు తెంచుకుని అందరూ పడుకున్నాక తాగేస్తోంది.

*

వినగడప

అమ్మాయి పరమేశ్వరికి బాబాయి దీవించి రాయునది.

మీ మరిదిగారు చెప్పింది నిజం. ఆయన ఏడవలేదు. నేను చూసింది మీ కొట్టే కాదు.

నిన్న చరణ్ వచ్చాడు. నాకు వినపడదని పలక మీద రాసి చెప్పాడు. కరెంటు పోయి వచ్చినప్పుడు కంపెనీ ఒక్కో రౌటరుకి ఒక్కో కొత్త నంబరు ఇస్తుందట. మన ఫోన్లు మాత్రం పాత నంబరుకే వెళ్తాయట. ఆ నంబరు అప్పటికి ఎవరి దగ్గరుంటే వాళ్లది కనిపిస్తుంది. వేరేవాళ్లది తెరుచుకోకూడదు కదా అంటే, పని తేలిక అని అందరికీ ఒకటే పాస్‌వర్డు పెట్టాడట. అది రాసేటప్పుడు నా మొహం చూడలేదు. నంబరు మారినా మారని పేరొకటి పెట్టి, ఎవరి పాస్‌వర్డు వాళ్లకి ఇవాళ పెడతానని వెళ్లాడు.

వెళ్లేముందు నా ఫోను చూసి ఆ కుర్చీ గుర్తుపట్టాడు. పలక మీద "అనిల్ కుమార్, గంపలగూడెం రోడ్డు" అని రాశాడు. ఇంకా ఏదో నోటితో అన్నాడు. నాకు వినపడలేదు.

ఇన్నాళ్లూ ఒక మనిషి ఏడుస్తుంటే చూసి ఊరుకున్నాను. మీ నాగేంద్ర కాకపోతే మాత్రం ఆ కష్టం ఎవరిదో ఒకరిది కదా. బండి మీద వెళ్లాను. గుమ్మంలో ఘాటు తగిలింది. ఎవరో పోపు వేస్తున్నారనుకున్నాను. లోపల అదే కుర్చీలో అదే మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని, "ఏం కష్టమొచ్చింది నాయనా?" అన్నాను. ఆయన బిత్తరపోయి చూశాడు. నేను వదల్లేదు. చెప్పుకుంటే బరువు తగ్గుతుందన్నాను. అంటుండగానే నాకూ కళ్లు కారడం మొదలయింది. ఆగలేదు. అప్పుడాయన నా చెయ్యి పట్టుకుని, నోటి కదలికని బట్టి నాకర్థమయిందేమిటంటే, "మీకేం కష్టమొచ్చింది పెద్దాయనా?" అంటున్నాడు.

ఆ గోడకి అవతల కారం మర ఉంది తల్లీ. దాని చప్పుడు ఊరందరికీ వినపడుతుంది, నాకు తప్ప. మధ్యాహ్నాలు మిరపకాయలు పడతారట.

నాగేంద్రకి నిజం చెప్పాలో వద్దో నీ ఇష్టం. నేనైతే చెప్పమంటాను. కాఫీ ఇచ్చే చెప్పు.

ఇట్లు,
వీరరాఘవయ్య

తా.క. ఫోను ఇంట్లో వదిలి వెళ్లాను. మా నాగేశ్వరమ్మ దాంట్లో చూసిందట, నేను ఎవరో పరాయి మనిషి చెయ్యి పట్టుకుని వలవలా ఏడుస్తున్నాను. ఇంట్లో చెప్పుకోలేని కష్టం నాకేదో ఉందనుకుని, జోజప్ప ఆటో ఎక్కి పరుగున వచ్చింది. లోపలికి వచ్చి నా ఎదురుగా కూర్చునే సరికి ఆవిడకీ కళ్లు కారుతున్నాయి. అది మిరపకాయల వల్లేనని చెప్తోంది. ఆ వేళకి మర ఆపేశారని అనిల్ కుమార్ నా పలక మీద రాశాడు.