రిబ్బన్ కట్టకముందే వచ్చినవాడు

ఆదివారం రాత్రి, మార్చి 1979

థూ! మా సైకిల్ క్లబ్బు, దానికో రేసు!

ముఖ్య అతిథికి ఎండ తగులుతుందని సెక్రటరీ రేసు ముగిసే చోటును గమ్హరియా మలుపు నుంచి ఇవతలున్న టీకొట్టు నీడలోకి మార్చేశాడు. తొక్కేవాళ్లకు చెప్పనే లేదు. అక్కడ రిబ్బన్ కట్టేలోపే మా సింహాచలం రివ్వున దాటిపోయి, మలుపు దగ్గర ఒక్కడే నిలబడ్డాడు. వాడి వెనక తొక్కుకుంటూ వచ్చి రిబ్బన్ తెంపిన సెక్రటరీ బావమరిది మెడలో దండ పడింది.

సింహాచలం తిరిగొచ్చి, "ఏటి బావూ, నానే కదా ముందొచ్చీసినాను!" అన్నాడు.

"రిబ్బన్ నువ్వు తెంపినావేటి? నేదు కదా. ఛోడ్ దో, వదిలీ," అన్నాడు సెక్రటరీ.

బావమరిది దండ తియ్యకుండానే సింహాచలం నోట్లో లడ్డూ కుక్కాడు. వాడు నవ్వుతూ తినేశాడు కూడా.

నాకే ఇంకా మింగుడుపడటం లేదు.